టిక్కీకి భయం ఉండదు

దరఖాస్తులో 'అనుభవం' అన్న గడి దగ్గర
పెన్ను చాలాసేపు ఆగింది.
మిర్చి యార్డులో కాటా గుమస్తా, నాలుగేళ్లు
అని రాసి, కొట్టేసి,
కొట్టేసిన దాని పక్కనే మళ్లీ అదే రాశాను.

కోటిరత్నం మేడమ్ చదివి నవ్వలేదు.
"అయితే బరువు తెలుసన్నమాట" అంది.
తొమ్మిది రోజులు ముళ్లు నేర్పింది.
వెలుగులో కట్టించింది, చీకట్లో కట్టించింది,
తడి చేతుల్తో, వెనక్కి తిరిగి, తిట్లు తింటూ కట్టించింది.
"తాడుకి మొహమాటం లేదురా నాసరయ్యా,
తప్పు కడితే తప్పనే చెబుతుంది.
కాకపోతే కాస్త ఆలస్యంగా."

ఈవేళ మొదటి రోజు.
నారింజరంగు టీషర్టు, మెడలో ఈల.
అయిదున్నరకి యార్డు గేటు ముందు టీ తాగుతుంటే
బసవపున్నయ్య బాబాయ్ ఎగాదిగా చూశాడు.
"ఏంరా ఈ వేషం?"
"పిల్లల్ని కొండ ఎక్కించి, తాడుతో దింపుతా బాబాయ్."
ముప్ఫై ఏళ్ల హమాలీ, లెక్క తెలిసిన మనిషి,
గ్లాసు కింద పెట్టి అన్నాడు:
"ఎగుమతికొకటి, దిగుమతికొకటి.
రెండు కూలీలు అడగరా, మర్చిపోకు."

ఫిరంగిపురం దాటాక కొండవీడు కనిపించింది.
బస్సులో ఇరవయ్యారు మంది తొమ్మిదో తరగతి,
ఇరవయ్యారు హెల్మెట్లు, ఒకటే గోల.
సీతాఫలం పొదల మధ్య నడిపించుకుంటూ
ఒక్కొక్కణ్ణీ కళ్లతోనే తూచేశాను.
వీడు ముప్ఫయ్యెనిమిది.
ఆ కళ్లజోడు పిల్లాడు యాభై, తరుగు పోను.
చివరన చెప్పులతో వచ్చిన పిల్ల సరిగ్గా నలభై,
తేజ రకం టిక్కీ, ఒక్కటి.
నాలుగేళ్లలో కాటా నన్ను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

పడిపోయిన కోట గోడ పక్కన బండ.
నలభై అడుగులు.
పైన నేను, నా వెనక మేకులూ గొలుసులూ,
కింద మేడమ్, అంతకంటే కింద చిన్నగా బస్సు.
పదకొండు మంది దిగారు.
పన్నెండోది ఆ పిల్లే, ఇప్పుడు అరువు బూట్లతో.
పేరు మెహజబీన్.
అంచు మీద మడమలు పెట్టింది,
వెనక్కి వాలమన్నాను,
వాలలేదు.

అప్పుడు తెలిసింది తూకంలో పొరపాటు.
టిక్కీని ఎత్తు, విసురు, పైన ఇంకోటి వెయ్,
అది నీ మొహం చూడదు.
ఈ పిల్ల నా మొహమే చూస్తోంది.
నలభై కిలోలు కాదు,
ఎంతో చెప్పడానికి నా దగ్గర రాళ్లు లేవు.

"అన్నా, ఇప్పటిదాకా ఎంతమందిని దింపారు?"
మెడలో ఈల బరువెక్కింది.
వందలు అనొచ్చు. మేడమ్‌కి వినపడదు.
"పదకొండు. వాళ్లే, ఇప్పుడు దిగినవాళ్లు."
అబద్ధం కోసం తయారుగా ఉన్న పిల్ల కాబోలు,
నిజానికి కాస్త తడబడింది.
నా వైపు ఇంకాస్త పరీక్షగా చూసి,
నడుం దగ్గర చూసి,
"అన్నా, మీ బెల్టు నాకు పెట్టినట్టు లేదు" అంది.

లేదు.
కొస వెనక్కి తిప్పి దోపలేదు.
ఇరవయ్యారు మందికి బిగించి, లాగి చూసి,
నాది నేనే వదిలేశాను.
చెవులు వేడెక్కాయి.
ఆమె చూస్తుండగానే దోపి, బిగించి,
"నువ్వే లాగి చూడు" అన్నాను.
లాగింది. గట్టిగానే లాగింది.
అటుపైన ఏమీ అడక్కుండా
గాలి మీద వీపు ఆనించినట్టు
వెనక్కి వాలింది.

సాయంత్రం తాళ్లు చుడుతూ మేడమ్‌కి చెప్పేశాను.
చుట్టడం ఆపలేదామె.
"రేపట్నుంచి ముందు నీది పిల్లల చేత చూపించు" అంది, అంతే.
రెండు కూలీల సంగతి అడగలేదు.

చెమట కారి కంట్లో పడింది.
చెయ్యి లేచి, సగంలో ఆగిపోయింది.
నాలుగేళ్ల అలవాటు:
యార్డు చేత్తో కన్ను నలుపుకోకూడదు.
అరచెయ్యి వాసన చూశాను.
తాడు, దుమ్ము, ఏదో ఆకు పసరు.
ఘాటు లేదు.

కూర్చుని, తీరిగ్గా,
రెండు కళ్లూ నలుపుకున్నాను.